పాత శాంప్లర్‌కి మెమరీ కార్డు: ఏది కొనాలి, ఎక్కడ వెతకాలి, ఎలా పరీక్షించాలి

శాంప్లర్ అంటే శబ్దాల్ని రికార్డు చేసి దాచుకుని, ప్యాడ్ నొక్కగానే వినిపించే మెషిన్. దాని కార్డు కోసం బయల్దేరే ముందు మెషిన్‌ని వెనక్కి తిప్పి మోడల్ పేరు అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. ఒక్క అక్షరం తేడాకే డబ్బు నీళ్లపాలవుతుంది. రోలాండ్ ఎస్‌పీడీ-ఎస్ ప్యాడ్‌కి కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు కావాలి. దాని తర్వాత వచ్చిన ఎస్‌పీడీ-ఎస్ఎక్స్‌కి కార్డు స్లాటే లేదు, పెన్‌డ్రైవ్ పెట్టుకోవాలి. ఎస్‌పీ-404కి కాంపాక్ట్‌ఫ్లాష్ అయితే ఎస్‌పీ-404ఎస్ఎక్స్‌కి మామూలు ఎస్‌డీ కార్డు. బాస్ ఎస్‌పీ-202, ఎస్‌పీ-303 రెండూ స్మార్ట్‌మీడియా కార్డే వాడతాయి, అయినా ఒకదాని కార్డు ఇంకోదానికి పనికిరాదు. రాజమండ్రిలోనో కాకినాడలోనో షాపు ముందు నిలబడి "ప్యాడ్‌కి మెమరీ కార్డు ఇవ్వండి" అంటే మైక్రో ఎస్‌డీ తీసి చేతిలో పెడతారు. ఏం కావాలో మనకే తెలియకపోతే వాళ్లకి ఎలా తెలుస్తుంది?

ఆర్కెస్ట్రాల్లో, చర్చి బృందాల్లో, ఇళ్లలో సొంతంగా ట్రాకులు చేసుకునేవాళ్ల దగ్గర ఉండే ఇరవై ఏళ్ల నాటి మెషిన్లు ఎక్కువగా రెండు గుంపుల్లోకి వస్తాయి. స్మార్ట్‌మీడియా గుంపులో బాస్ ఎస్‌పీ-202, ఎస్‌పీ-303, కోర్గ్ ఈఎస్-1, ఈఎస్ఎక్స్-1, యమహా ఆర్ఎస్7000, మొదటి మోటిఫ్, పీఎస్ఆర్-1500, పీఎస్ఆర్-3000, రోలాండ్ ఎంసీ-909, ఫాంటమ్-ఎస్ ఉన్నాయి. కాంపాక్ట్‌ఫ్లాష్ గుంపులో ఎస్‌పీడీ-ఎస్, ఎస్‌పీ-404, అకాయ్ ఎంపీసీ1000, ఎంపీసీ2500 ఉన్నాయి. ఫాంటమ్-ఎక్స్‌లో ఉండేది పాత ల్యాప్‌టాప్‌ల పీసీ కార్డు స్లాటు. దానికి అడాప్టర్ వేసి కాంపాక్ట్‌ఫ్లాష్ పెట్టుకోవచ్చు.

రెండు కార్డుల తేడా చేతికి తెలియాలి

స్మార్ట్‌మీడియా కార్డు 45 మి.మీ. పొడవు, 37 మి.మీ. వెడల్పు, 0.76 మి.మీ. మందం ఉంటుంది. అంటే ఏటీఎం కార్డంత పల్చన. ఒకవైపు సగం మేర బంగారు రంగు రేకు ఉంటుంది, ఒక మూల కోసేసి ఉంటుంది. కాంపాక్ట్‌ఫ్లాష్ అంతకన్నా బాగా మందం, 3.3 మి.మీ. దాని ఒక అంచున రెండు వరసల్లో 50 సన్నటి రంధ్రాలు కనబడతాయి.

ఈ రెండింటికీ లోపల ఉన్న తేడా ఒక్కటి గుర్తుపెట్టుకుంటే తర్వాత చెప్పే జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. కాంపాక్ట్‌ఫ్లాష్‌లో మెమరీ చిప్‌తో పాటు దాన్ని నడిపే కంట్రోలర్ కూడా కార్డులోనే ఉంటుంది. స్మార్ట్‌మీడియాలో కంట్రోలర్ లేదు. తోషిబా 1995లో దీన్ని తెచ్చినప్పుడు ఫ్లాపీకి బదులు చవగ్గా ఉండాలని వట్టి మెమరీ చిప్‌ని ప్లాస్టిక్‌లో పొదిగి వదిలేసింది. ఏ బ్లాకులో (మెమరీలోని చిన్న గదిలో) ఏముంది, ఏ బ్లాకు చెడిపోయింది అన్న లెక్కంతా శాంప్లరో, కెమెరానో, కార్డ్ రీడరో చూసుకోవాలి. ఆ లెక్క రాయడంలో తేడా వస్తే చిప్ బాగానే ఉన్నా కార్డు చచ్చినట్టే కనబడుతుంది. ఎస్‌డీ కార్డుని అడాప్టర్ వేసి స్మార్ట్‌మీడియా స్లాటులో వాడుకుందామనే ఆలోచన మానుకోవాల్సింది కూడా ఇందుకే. కాంపాక్ట్‌ఫ్లాష్‌కి అలాంటి అడాప్టర్లు మామూలుగా దొరుకుతాయి.

వోల్టేజీ, సైజు

స్మార్ట్‌మీడియా రెండు రకాలు: 5 వోల్టులది, 3.3 వోల్టులది. ఎస్‌పీ-202కి 5 వోల్టులది, అదీ 2 ఎంబీ లేదా 4 ఎంబీ కార్డే కావాలి. ఎస్‌పీ-303 మొదలుకొని పైన చెప్పిన మిగతా స్మార్ట్‌మీడియా మెషిన్లన్నిటికీ 3.3 వోల్టులది. చాలా కార్డుల మీద 3.3V అనో 3V అనో 5V అనో అచ్చువేసి ఉంటుంది. అచ్చు చెరిగిపోతే కోసిన మూల చూడండి. ఈ రెండు రకాలకీ కోత ఎదురెదురు మూలల్లో ఉంటుంది. ఒకదాని స్లాటులోకి ఇంకోటి పోకుండా చేసిన ఏర్పాటు అది. కార్డు కొంతదూరం వెళ్లి ఆగిపోతే వేలితో నొక్కకండి, బయటికి తీసేయండి.

సైజు విషయంలో ఎక్కువ ఉంటే మంచిదే కదా అనుకోకండి. ఎస్‌పీ-303కి 8 నుంచి 64 ఎంబీ వరకే. 128 కొంటే వృథా. ఈఎస్ఎక్స్-1, ఎంసీ-909 లాంటివి 128 దాకా తీసుకుంటాయి. స్మార్ట్‌మీడియా తయారైందే 128 ఎంబీ వరకు, కాబట్టి 256 ఎంబీ, 1 జీబీ స్మార్ట్‌మీడియా ఉందని ఎవరైనా చెబితే అది వేరే కార్డన్నా అయి ఉండాలి, మోసమన్నా అయి ఉండాలి. ఎస్‌పీడీ-ఎస్‌కి 512 ఎంబీ మించొద్దు. ఎస్‌పీ-404కి 1 జీబీ లోపు, ఎంపీసీ1000కి 2 జీబీ లోపు ఉంటే తలనొప్పి ఉండదు. ఆ కాలపు మెషిన్లకి తెలిసిన ఫార్మాట్, అంటే కార్డులో ఫైళ్లు అమర్చే పద్ధతి, ఫ్యాట్16. అది 2 జీబీ దగ్గర ఆగిపోతుంది. అందుకే కొత్త 32 జీబీ కార్డు పెడితే మెషిన్ ఫార్మాట్ చేయనంటుంది, లేదా చేసినట్టే చేసి తర్వాత ఏమీ చదవదు.

ఎక్కడ వెతకాలి

కంప్యూటర్ షాపుల కన్నా ముందు ఫోటో స్టూడియోలకి వెళ్లండి. ఈ కార్డులు ఎక్కువగా వాడింది కెమెరాల్లో, మిగిలిందీ కెమెరాల సంచుల్లోనే. అమలాపురం, రావులపాలెం, తణుకు, పాలకొల్లు, భీమవరం, నరసాపురం, ఏ ఊళ్లోనైనా ముప్పై ఏళ్లుగా నడుస్తున్న స్టూడియో ఒకటుంటుంది. పెళ్లిళ్లకి తొలితరం డిజిటల్ కెమెరాలు వాడిన వాళ్లయితే ఫ్యూజీఫిల్మ్ ఎస్1 ప్రో, ఎస్2 ప్రో పేర్లు గుర్తుపడతారు. ఆ రెండు కెమెరాల్లోనూ స్మార్ట్‌మీడియాకీ కాంపాక్ట్‌ఫ్లాష్‌కీ స్లాట్లు ఉన్నాయి. నైకాన్ డీ70, కెనాన్ 300డీ, 350డీ వాడిన వాళ్ల దగ్గర 256, 512 ఎంబీ కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డులు మూలన పడి ఉండే అవకాశం ఎక్కువ. నైకాన్ డీ50, డీ80లలో ఉండేది ఎస్‌డీ కార్డు, ఆ కెమెరాల సంచులు వెతికి లాభం లేదు.

వెళ్లే సమయం కూడా చూసుకోవాలి. ముహూర్తాల రోజుల్లో స్టూడియో వాళ్లు షాపులో దొరకరు, దొరికినా అటక మీద పెట్టె దింపే ఓపిక ఉండదు. ఆషాఢంలోనో మూఢంలోనో, మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్లండి. దళసరి అట్టని 45×37 మి.మీ. కొలతకి కోసి, ఒక మూల కత్తిరించి జేబులో పెట్టుకెళ్లండి. "ఇంత సైజుది, నల్లగా పల్చగా, ఒకవైపు బంగారు రేకుతో ఉండే కార్డు మీ పాత కెమెరా సంచిలో ఏమైనా ఉందాండీ?" అని అట్టముక్క చూపించి అడిగితే పని త్వరగా అవుతుంది. పేరు చెబితే గుర్తురాని వాళ్లకి కూడా ఆకారం చూడగానే గుర్తొస్తుంది.

రెండో చోటు ఇళ్లే. 2000, 2002 మధ్య గల్ఫ్ నుంచో అమెరికా నుంచో వచ్చినవాళ్లు తెచ్చిన ఒలింపస్, ఫ్యూజీ కెమెరాలు కోనసీమలో ఎన్నో బీరువాల్లో ఉండిపోయాయి. వాటితో పాటు పెట్టెలో వచ్చేది 8 లేదా 16 ఎంబీ స్మార్ట్‌మీడియా. చిన్నదే అయినా ఎస్‌పీ-303కి సరిపోతుంది. 2002లో ఒలింపస్, ఫ్యూజీ రెండూ ఎక్స్‌డీ కార్డుకి మారడం మొదలుపెట్టాయి. ఆ తర్వాతి కెమెరాల్లో ఎక్కువగా ఉండేది గోరంత ఎక్స్‌డీ, అది మీకు పనికిరాదు. ఎవరింట్లోనైనా కార్డు తీసుకునేటప్పుడు అందులోని ఫోటోలు ముందు పెన్‌డ్రైవ్‌లోకి తీసి వాళ్ల చేతిలో పెట్టండి. ఇరవై ఏళ్లుగా ఎవరూ చూడని పెళ్లి ఫోటోలు, పోయిన పెద్దవాళ్ల ఫోటోలు అందులో ఉండొచ్చు. ఇది చేయకుండా ఫార్మాట్ నొక్కొద్దు.

జిల్లాలో దొరక్కపోతే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ, సికింద్రాబాద్ సీటీసీ, చెన్నై రిచీ స్ట్రీట్ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లు ఉన్నాయి. ఫోన్‌లో ఫోటో పంపి, ఉందని చెప్పాకే బయల్దేరండి. ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు కార్డు రెండువైపులా తీసిన అసలు ఫోటో అడగండి. రేకు మీద అడ్డంగా లోతు గీతలున్నా, కార్డు వంపు తిరిగి ఉన్నా వద్దనండి. ఎన్ని ఎంబీలో, ఎన్ని వోల్టులో, ఏ మెషిన్‌లో పరీక్షించారో రాతపూర్వకంగా అడగండి. "పరీక్షించలేదు" అంటే పనిచేయదనే లెక్కన ధర కట్టండి. పార్సిల్‌లో కార్డుకి రెండువైపులా గట్టి అట్ట పెట్టమని చెప్పండి. 0.76 మి.మీ. కార్డు మామూలు కవర్లో వస్తే వంగిపోతుంది. విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం పడొచ్చని కూడా లెక్కలో వేసుకోండి.

ఒక్క కార్డుతో ఆగకండి. మెషిన్‌కి కనీసం రెండు, వీలైతే మూడు కార్డులు ఉంచుకోండి.

డబ్బిచ్చే ముందు పరీక్ష

వీలైతే మెషిన్‌నే, దాని కరెంటు అడాప్టర్‌తో సహా పట్టుకెళ్లండి. వీలుకాకపోతే స్మార్ట్‌మీడియాకి అన్నిటికన్నా మంచి పరీక్ష పెట్టె ఆ కాలపు కెమెరా. ఒలింపస్ సి-వరస కెమెరాల్లో చాలావాటికి 4 ఏఏ సెల్స్ చాలు, కొత్తవి జేబులో వేసుకెళ్లండి.

ముందు కార్డు మీద చిన్న వృత్తం గుర్తు ఉన్నచోట వెండి రంగు గుండ్రటి స్టిక్కర్ ఉందేమో చూడండి. అది రాతని ఆపే స్టిక్కర్. అతికించి ఉన్నంతసేపు మెషిన్ "ప్రొటెక్టెడ్" అంటుంది. చాలామంది మంచి కార్డుని పాడైందని పక్కన పడేసేది ఈ స్టిక్కర్ వల్లే. మెల్లగా ఊడదీసి జిగురు తుడిచేయండి. తర్వాత కార్డుని కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. అత్యధిక క్వాలిటీలో పెట్టి, కార్డు నిండిపోయేదాకా ఫోటోలు తీయండి. మొదటి నుంచి చివరిదాకా ఒక్కొక్కటీ తెరిచి, జూమ్ చేసి చూడండి. ఒక్క ఫోటోలో సగం బూడిద రంగు వచ్చినా, గళ్లు గళ్లుగా విరిగినా ఆ కార్డు వద్దు. మూడు ఫోటోలు తీసి బాగుందనుకుంటే కార్డు మొదటి భాగం మాత్రమే చూసినట్టు. చెడిన బ్లాకు చివర్లో ఉంటే అది స్టేజీ మీద బయటపడుతుంది.

కాంపాక్ట్‌ఫ్లాష్ అయితే ల్యాప్‌టాప్, రీడర్ చాలు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ (H2testw) లాంటి ప్రోగ్రామ్‌తో కార్డు మొత్తం నింపి, తిరిగి చదివించండి. కార్డు మీద 512 అని ఉండి లోపల తక్కువ ఉన్నా అక్కడే తేలిపోతుంది. కార్డు 5 మి.మీ. మందం ఉండి, చెవి దగ్గర పెడితే సన్నగా తిరిగే చప్పుడొస్తుంటే అది మైక్రోడ్రైవ్, అంటే బుల్లి హార్డ్‌డిస్క్. కర్రలతో వాయించే ప్యాడ్‌కి అది అస్సలు వద్దు.

ఇంటికి తెచ్చాక

మెత్తటి, నూలు పోగులు రాలని గుడ్డకి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసి బంగారు రేకుని ఒకే దిశలో తుడవండి. మొబైల్ రిపేరు షాపుల్లో దీన్ని ఐపీఏ అంటారు. గోళ్ల రంగు తీసే ద్రవం ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. గరుకు కాగితం బంగారు పూతని లేపేస్తుంది, ఆ కింది లోహానికి మన గాలిలో నెల తిరక్కుండా చిలుము పడుతుంది. పది నిమిషాలు ఆరనివ్వండి.

మెషిన్ ఆపి ఉంచి, కార్డు పెట్టి, ఆన్ చేసి, మెషిన్‌లోనే ఫార్మాట్ చేయండి. స్మార్ట్‌మీడియాని విండోస్‌లో ఫార్మాట్ చేయడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఎక్కువ కార్డుల్ని పోగొట్టే తప్పు. స్మార్ట్‌మీడియాకంటూ ఒక అమరిక ఉంది. విండోస్ దాన్ని పట్టించుకోకుండా తన పద్ధతిలో రాస్తుంది. కొన్ని రీడర్లు, ఇది ఏ కార్డో మెషిన్‌కి చెప్పే మొదటి బ్లాకుని కూడా చెరిపేస్తాయి. ఆ తర్వాత శాంప్లర్ ఆ కార్డుని గుర్తుపట్టదు. అలా అయిన కార్డుని వెంటనే పారేయకండి. పాత ఒలింపస్ లేదా ఫ్యూజీ కెమెరాలో పెట్టి ఫార్మాట్ చేసి, మళ్లీ శాంప్లర్‌లో ఫార్మాట్ చేస్తే చాలాసార్లు లేచి కూర్చుంటుంది. కాబట్టి స్టూడియోలో కార్డుతో పాటు పాత కెమెరా కూడా అమ్ముతామంటే కొనేయండి. లెన్స్ చెడిపోయినా, స్క్రీన్ మసకబారినా ఫర్వాలేదు, మెనూ తెరుచుకుని ఫార్మాట్ చేస్తే మీకు చాలు.

ఫైళ్లు ఎక్కించడానికి, దించుకోవడానికి కంప్యూటర్ వాడొచ్చు. పాత యూఎస్‌బీ మల్టీ రీడర్లలో "ఎక్స్‌డీ/ఎస్ఎం" అని రాసి ఉన్న వెడల్పాటి స్లాటు ఉన్నదే తీసుకోండి. కొత్త రీడర్లలో అది ఉండదు. ఫైలు పేర్లు ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, అంకెలతో ఎనిమిదికి మించకుండా పెట్టండి. తెలుగులో పేర్లు, ఖాళీలు, చుక్కలు పెడితే మెషిన్ ఆ ఫైలుని చూపించదు. మ్యాక్‌లో కాపీ చేస్తే కంటికి కనబడని చిన్న ఫైళ్లు కూడా చేరతాయి, వాటిని తీసేయాలి. రీడర్ లాగే ముందు ఎజెక్ట్ నొక్కడం మర్చిపోవద్దు.

కాంపాక్ట్‌ఫ్లాష్ వాళ్లకి రెండు మాటలు

చిన్న సైజు కార్డు ఎక్కడా దొరక్కపోతే ఫ్యాక్టరీ మెషిన్ల కోసం చేసే ఇండస్ట్రియల్ కాంపాక్ట్‌ఫ్లాష్ అడగండి. ట్రాన్సెండ్ లాంటి కంపెనీలు చిన్న సైజుల్లో చేశాయి. ధర ఎక్కువే, కానీ ఎక్కువ కాలం నిలుస్తాయి. వాటిలో కొన్ని "ఫిక్స్‌డ్ డిస్క్"గా, అంటే బయటికి తీయని హార్డ్‌డిస్క్‌లా కనబడేట్టు సెట్ చేసి వస్తాయి, కొన్ని మెషిన్లు అలాంటివి ఒప్పుకోవు. అందుకే తిరిగి తీసుకుంటామన్న చోటే కొనండి. ఎస్‌డీని కాంపాక్ట్‌ఫ్లాష్‌గా మార్చే అడాప్టర్ కొన్ని మెషిన్లలో బాగానే నడుస్తుంది, కొన్నిట్లో మధ్యలో ఆగిపోతుంది. ఇంట్లో ట్రాకులు చేసుకోవడానికి ప్రయత్నించండి, కచేరీకి మాత్రం అసలు కార్డే పెట్టండి. చాలా అడాప్టర్లు 5 మి.మీ. మందం ఉంటాయి, మీ స్లాటులో పడుతుందో లేదో ముందు కొలవండి.

కాంపాక్ట్‌ఫ్లాష్ స్లాటులో 50 సూదులుంటాయి. కార్డు వంకరగా పెట్టి నెడితే ఒకటో రెండో వంగిపోతాయి, ఆ తర్వాత ఏ కార్డూ చదవదు. మెషిన్ ప్లగ్ తీసేసి టార్చి వేసి చూడండి. వంగిన సూది కనబడితే, లోపలి లెడ్ తీసేసిన 0.5 మి.మీ. మెకానికల్ పెన్సిల్ మొనని ఆ సూదికి తొడిగి మెల్లగా నిలబెట్టండి. రెండోసారి వంచితే విరుగుతుంది.

తేమ, ఉప్పుగాలి, జనరేటర్

అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. మిగతా డెల్టాలో వానాకాలమంతా తేమ. కార్డుల్ని గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే సన్నటి సెగ మీద వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. స్లాటులో కార్డు ఉంచేసి మెషిన్ కవర్ కట్టేయకండి. కార్డు రేకు, స్లాటు స్ప్రింగులు ఒకదాన్నొకటి తాకుతున్నచోటే చిలుము మొదలవుతుంది. వరద నీళ్లలో తడిసిన కార్డుని వెంటనే మంచినీళ్లతో కడిగి, ఐపీఏతో తుడిచి నీడలో ఆరబెట్టండి. కాంపాక్ట్‌ఫ్లాష్ లోపలికి నీరు పోతుంది కాబట్టి నాలుగైదు రోజులు ఆరాకే పెట్టాలి.

తీర్థాల స్టేజీల మీద కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ రెండు సెకన్లు చాలు కార్డు పాడవడానికి. మెషిన్ కార్డు మీద రాస్తుండగా కరెంటు పోతే లెక్క సగంలో ఆగిపోతుంది, స్మార్ట్‌మీడియాలో ఆ లెక్కని సరిచేసే కంట్రోలర్ లేదు. సేవ్ చేసే పని ఏదున్నా ఇంటి దగ్గరే ముగించండి. స్టేజీ మీద చదవడమే తప్ప రాయడం వద్దు. జగ్గన్నతోట ప్రభల తీర్థం లాంటి చోటికి వెళ్లేటప్పుడు మెషిన్‌ని చిన్న యూపీఎస్‌కి తగిలించండి, రెండో కార్డు సంచిలో ఉంచండి.

ఫ్లాష్ మెమరీలో రాసింది కరెంటు లేకుండా సుమారు 10 ఏళ్లు నిలుస్తుందని తయారీదార్లు చెబుతారు. మీ చేతికొచ్చిన కార్డులు ఆ వయసు ఎప్పుడో దాటేశాయి. ఏడాదికోసారి, సంక్రాంతి కచేరీలు అయ్యాక, ప్రతి కార్డులోని ఫైళ్లన్నీ కంప్యూటర్లోకి తీసి, రెండు చోట్ల దాచి, కార్డుని మెషిన్‌లో ఫార్మాట్ చేసి మళ్లీ ఎక్కించండి. కార్డు కవర్ మీద ఆ తేదీ, మెషిన్ పేరు, ఎన్ని వోల్టులో పెన్నుతో రాయండి. కార్డు మీద మాత్రం రాయకండి, బాల్‌పెన్ మొన నొక్కితే లోపల చిప్ పగులుతుంది.